స్పష్టంగా పడ్డవారే విముక్తులు

పోయేవాళ్ళు పోతామంటే ఉన్నవాళ్ళు ఒక పట్టాన పోనివ్వరు. పెళ్ళికూతురు బండెక్కబోతుంటే ఒకరు చెంబు మరిచావంటారు, ఇంకొకరు ఆగు, ఎవరో తుమ్మారంటారు. అయినా చివరికి బండి కదులుతుంది. ఎందుకంటే బండివాడికి ఇంకో బాడుగ ఉంటుంది. తూముల శాఖకి మాత్రం వేరే బాడుగంటూ ఏదీ లేదు.

కాలవల మీద తూములెన్ని ఉన్నాయో, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవడం ఆ శాఖ పని. దాని డివిజన్ ఆఫీసు ఒకటి కాలవ గట్టునే ఉంది. సువార్తమ్మ అక్కడ అటెండరు. జూన్ ఆఖరుకి ఆమె రిటైరవ్వాలి. ఆమె భర్త ఇస్సాకు అదే శాఖలో లస్కరు, అంటే తూము షట్టర్లు ఎత్తి దించేవాడు. ఇద్దరిదీ ఒకటే కాలవ. కాకపోతే ఆమెది కాలవ తల, ఆయనది తోక. నడుమ ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. పెళ్ళయిన ఏడాది నుంచీ "భార్యాభర్తలం, ఒకచోట వెయ్యండి" అని దరఖాస్తు పెడుతూనే ఉన్నారు. "దంపతులిరువురును ఒకే కాలువపై పనిచేయుచున్నందున ఒకే చోట నున్నట్లుగానే భావించవలెను" అని శాఖ జవాబిస్తూనే ఉంది.

సువార్తమ్మ శనివారం మధ్యాహ్నం బస్సెక్కడం, సోమవారం పొద్దున్నే బస్సుకి తిరిగి రావడం. ముప్పై మూడేళ్ళ కాపురంలో ప్రతి సోమవారమూ ఒక వీడ్కోలే. అలవాటైపోతుందని అందరూ అన్నారు. చెప్పుల కాటు అలవాటవుతుంది గాని, ఇది అలవాటు కాలేదు.

ఇస్సాకు నిరుడు రిటైరయ్యి, తోక దగ్గరే రెండు గదుల ఇల్లు వేయించాడు. సువార్తమ్మ మే నెలలోనే బీరువా, మంచం, రోలు, పెద్ద గిన్నెలు అన్నీ లారీలో పంపించేసింది. తన దగ్గర ఒక చాప, ఒక గిన్నె, ఒక గ్లాసు ఉంచుకుంది. రోజూ సాయంత్రం ఇస్సాకు ఫోన్ చేసేవాడు.

"ఏమే, ఇంకెన్ని రోజులు?"

"పన్నెండు."

"నిన్న పదమూడన్నావుగా."

"నిన్న నిన్నేగా అయ్యా."

సరిగ్గా ఆ పన్నెండు రోజులు మిగిలి ఉండగానే ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వుకి రెండు కారణాలున్నాయి. మొదటిది తనిఖీ అధికారి. తూముల శాఖలో ఒక ఆచారం ఉంది. ఎవరి వీడ్కోలు సభైనా మొదటి దండ డివిజన్ ఆఫీసరుకి వేస్తారు. రెండోది సూపరింటెండెంటుకి, మూడోది సంఘం నాయకుడికి. అలా పెద్దవాళ్ళందరికీ వేశాక మిగిలితే రిటైరైనవాడికి వేస్తారు. తనిఖీ అధికారి పాత ఫోటోలు తిరగేసి, దండలతో ఉన్న పదకొండుగురిని చూసి, "వీరిలో పోయినవారెవరు?" అని ఎర్ర సిరాతో రాశాడు. పోయినవాడు పోయాడు కాబట్టి జవాబు చెప్పేవాడు లేకపోయాడు.

రెండో కారణం డైరెక్టరు గారమ్మాయి పెళ్ళి. ఆ వారమే పెళ్ళి ఆల్బం వచ్చింది. అందులో పెళ్ళికూతురు కడిగిన ముత్యంలా ఉంది. వెనకున్న చుట్టాలందరూ పొగమంచులా ఉన్నారు. "మన వియ్యంకుడు గారెక్కడా?" అని భార్య అడిగితే, "ఆ మసకలో ఉన్నాడు" అని డైరెక్టరు గారు తృప్తిగా చెప్పారు. అలా చెబుతూ చెబుతూ ఉండగానే ఆయనకి ఎర్ర సిరా గుర్తొచ్చింది.

డివిజన్ ఆఫీసరు పరాంకుశరావు గారు సిబ్బందినంతా హాల్లో నిలబెట్టి ఉత్తర్వు పైకి చదివారు.

"పదవీ విరమణ సభయందు తీయు ఛాయాచిత్రములో విరమణ పొందు ఉద్యోగి స్పష్టముగాను, తక్కిన సిబ్బంది అస్పష్టముగాను ఉండవలెను. ఛాయాచిత్రమునందు స్పష్టముగా కనబడు వ్యక్తియే విధుల నుండి విముక్తి పొందినట్లు పరిగణింపబడును. అట్టి ఛాయాచిత్రము అందనంతవరకు ఏ ఉద్యోగియు విరమణ పొందినట్లు కాదు."

"అంటే ఏంటండీ అయ్యగారూ?" అంది టీ కప్పుల పళ్ళెంతో నిలబడ్డ సువార్తమ్మ.

"అంటే నువ్వు స్పష్టంగా పడాలి సువార్తమ్మా. మేం పడకూడదు."

"ముప్పై మూడేళ్ళూ ఎవరికీ ఆనలేదు, పోయే రోజున ఆనాలన్నమాట. సరేనండి. ఎప్పుడు తీస్తారు?"

"కెమెరా రానీ."

కెమెరా ఎంపికకి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. జూనియర్ అసిస్టెంటు తాతాజీ ముహూర్తాల రోజుల్లో సెలవు పెట్టి పెళ్ళి వీడియోలు తీస్తాడని ఆఫీసంతటికీ తెలుసు. ఇన్నాళ్ళూ అది నేరం. ఆ రోజు నుంచి అర్హత అయింది. అతన్ని "కెమెరా నిర్వహణాధికారి, అదనపు బాధ్యత" అన్నారు.

"సార్, బాడీ మామూలుదైనా ఫర్లేదండి," అన్నాడు తాతాజీ. "వెనక మసక రావాలంటే లెన్సు మంచిదుండాలి. ఎనభై అయిదు నంబరుది, నోరు వెడల్పుగా ఉండేది, ఒక్కటి చాలు. మనిషి మీద చూపు నిలిచి వెనకాలదంతా కరిగిపోద్ది."

"వెనకాలదంతా అంటే సిబ్బందే కదా?" అన్నారు పరాంకుశరావు గారు.

"అవునండి."

"ముందు యంత్రం సంగతి చూడు. గాజు తర్వాత. యంత్రం కన్నా గాజు ముఖ్యమనడం శాఖ విధానానికి విరుద్ధం."

కమిటీ మూడు రోజులు కూర్చుని పుస్తకాల్లోని బొమ్మలు చూసి, మీటలు ఎక్కువగా ఉన్న బాడీ మంచిదని తేల్చింది. ఇరవై మూడు మీటలున్నది దొరికింది. "వీడియో నాలుగు కె వస్తుందండి" అని తాతాజీ అంటే, "ఆరు కావాలి" అన్నారు పరాంకుశరావు గారు. "ఎందుకండి?" "పక్క శాఖ వాళ్ళది నాలుగు."

జూన్ ఇరవై అయిదున పెట్టె వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. పరాంకుశరావు గారు బాడీ ముందున్న మూత తీసి, గుండ్రటి బొక్కలో మెరుస్తున్న పలకని చూసి, దేవుడి నుదురులాగుందని కుంకుమ వేలితో అటు వంగారు. తాతాజీ వేసిన కేకకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"నెత్తిన పెట్టండి సార్! లోపల కాదు!"

పరాంకుశరావు గారు నెత్తిన బొట్టు పెట్టి, కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి కన్నేది?" అన్నారు.

"అదే సార్ లెన్సంటే. రాలేదు."

రాదు కూడా. గాజున్న ఏ వస్తువైనా హెడ్డాఫీసులోని గాజు సామగ్రి విభాగమే కొనాలి. కిటికీ అద్దాలు, ట్యూబులైట్లు, అధికారుల మంచినీళ్ళ గ్లాసులు కొనేది వాళ్ళే. ఇండెంటు పోస్టులో పంపితే ఎప్పటికి తేలుతుందోనని, ఆ కాగితం తనే పట్టుకుని సువార్తమ్మ బస్సెక్కింది. అక్కడి గుమస్తా పేరు నిగమానందం.

"ఏం గాజమ్మా? సాదాదా, పువ్వులదా?"

"లెన్సు గాజండి. కెమెరాకి."

"చదరపడుగులు చెప్పు."

"చదరం కాదండి, గుండ్రం."

"లోతుందా?"

"ఉందంటండి. డబ్బాలా ఉంటదంట."

"అయితే గ్లాసు కిందికే వస్తుంది." నిగమానందం తృప్తిగా రాసుకున్నాడు. "రాగానే నీళ్ళు పోసి ఆరు గంటలు నిలబెడతాం. కారకపోతే మీకు పంపిస్తాం."

"అయ్యా, దాంట్లో నీళ్ళు పోస్తే పాడైపోద్దంట."

"నీళ్ళు పొయ్యకుండా గ్లాసు మంచిదని సంతకం పెట్టమంటావా? నా ఉద్యోగం పోద్దమ్మా!"

సువార్తమ్మ అతని వంక అసూయగా చూసింది. "తమరికి ఎంత సులువండీ పోవడం," అంది.

జూన్ ముప్పై వచ్చింది, పోయింది. జూలై ఒకటిన సువార్తమ్మ ఎప్పటిలాగే తాళాలు తీసి, బల్లలు తుడిచి, టీ పెట్టింది. హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన "విరమణ ప్రతీక్షలో" అని రాశారు. సాయంత్రం ఇస్సాకు ఫోన్ చేశాడు.

"బస్టాండులో ఉన్నానే. మూడు బస్సులు చూశాను. నువ్వు దిగలేదు."

"బొమ్మ పడలేదయ్యా."

"ఏం బొమ్మ?"

చెప్పింది.

"నేను పోయినప్పుడు ఏ బొమ్మా లేదే. షట్టరు తాళం చేతిలోంచి లాక్కుని పొమ్మన్నారు."

"నువ్వు అదృష్టవంతుడివి."

"చెప్పకుండా వచ్చెయ్యరాదూ?"

"పరారీ అని రాస్తారయ్యా. ముప్పై మూడేళ్ళు చేసి దొంగలా వస్తానా? పింఛను కూడా పోద్ది."

"అయితే నేనే కాలవలో దూకి ఎదురీదుకుంటా వస్తా."

"అరవై మూడేళ్ళొచ్చాయి. ఆ బీరువా తలుపు కిర్రుమంటుందని చెప్పాను, నూనె వెయ్యి ముందు."

నవ్వుతూ అంది గాని ఆమెకి లోపల భయం పట్టుకుంది. కారణముంది. ఉత్తర్వు వచ్చిన మర్నాడే గోడౌను వాచ్‌మన్ అప్పలసామి గుండెపోటుతో పోయాడు. వీడ్కోలు ఫోటో లేనందువల్ల అతను విధుల్లోనే ఉన్నట్టు హెడ్డాఫీసు తేల్చింది. పైగా గోడౌను దగ్గర కనబడటం లేదని సంజాయిషీ కూడా అడిగింది. ఆ కాగితం అతని ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి రమ్మన్నది సువార్తమ్మనే. ఆమె తీసుకెళ్ళింది. అప్పలసామి భార్య ముందు కాసేపు కూర్చుని, కాగితం ఇవ్వకుండానే తిరిగొచ్చి, "ఇంట్లో లేరండి" అని రాయించింది. అబద్ధమేం కాదు. కానీ ఆ రోజు నుంచీ ఆమెకి రోడ్డు దాటాలంటే రెండుసార్లు అటూ ఇటూ చూడటం అలవాటైంది. చచ్చినా వదలరన్నమాట. పోతే ఇక్కడే ఉండిపోతాను, ఎనభై ఎనిమిది కిలోమీటర్లు అలాగే ఉండిపోతాయి.

జూలై మూడో వారంలో లెన్సు వచ్చింది. ఒకే రకం సరుకులో ఎక్కువ గాజున్నదే మేలని గాజు విభాగం లెక్క. అందుకని ఎనభై అయిదు కాకుండా నాలుగు వందల నంబరుది పంపింది. పాలక్యానంత ఉంది. ఆరుబయటికి చూసే ప్రతి ప్రభుత్వ గాజుకీ దోమలు దూరకుండా జల్లెడ ఉండాలన్న నిబంధన ప్రకారం మూతికి ఇనప జల్లెడ బిగించి ఉంది. అదృష్టవశాత్తు నీళ్ళ పరీక్ష మాత్రం చెయ్యలేదు. నీళ్ళు ఎటు నుంచి పొయ్యాలో కమిటీలో ఏకాభిప్రాయం కుదరలేదట.

తాతాజీ జల్లెడ ఊడబెరికి, లెన్సుని బాడీకి తగిలించబోయాడు. పట్టలేదు. బాడీ ఒక కంపెనీది, లెన్సు ఇంకొకదానిది. పరాంకుశరావు గారు హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే నిగమానందం, "సీసాకి మూత పట్టకపోతే తప్పు సీసాదా, మూతదా? మీ సీసా మార్చుకోండి" అన్నాడు.

"నడుమ ఒక రింగు పడితే సరిపోద్ది సార్," అన్నాడు తాతాజీ.

"ఆ రింగు యంత్రమా, గాజా?"

"రెండూ కాదండి. ఉత్త బోలు ఇనుము."

"బోలు ఇనుమైతే పైపుల విభాగం," అన్నారు పరాంకుశరావు గారు కళ్ళు మూసుకుని. పైపుల విభాగం మాట వినగానే సువార్తమ్మ తాతాజీని వరండాలోకి లాక్కుపోయింది.

"బాబ్బాబు తాతాజీ, నీ కాళ్ళు పట్టుకుంటా. పైపుల దాకా పోతే నేను ఈ జన్మకి ఇల్లు చేరను. ఎక్కడన్నా దొరకదంటావా?"

"ఊరుకో పిన్నీ. మా స్టూడియో ఫ్రెండు దగ్గరుంది, అడిగి తెస్తాలే. పైకి మాత్రం చెప్పకు. సొంతంగా పని జరిగిందని తెలిస్తే మెమో ఇస్తారు."

రింగు వచ్చింది. లెన్సు టక్కున పట్టింది. ఆఫీసు హాల్లో ఈ గోడకి ఆనుకుని ఆ గోడ వైపు చూస్తే పరాంకుశరావు గారి ఎడమ మీసం మాత్రం కనబడింది. తాతాజీ వెనక్కి నడిచాడు. వరండా నుంచి మొహం కనబడింది. గేటు నుంచి మొహమూ, మెడా. రోడ్డు దాటాడు, గట్టెక్కాడు. చివరికి కాలవ అవతలి గట్టుకి పోయి స్టాండు పాతాడు. అక్కణ్ణుంచి అందరూ పట్టారు.

జూలై ముప్పై ఒకటిన సభ పెట్టారు. ఆఫీసు ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. ఆచారం ప్రకారం ముందు వరస నడుమ పరాంకుశరావు గారు, ఆయనకి చెరో పక్కా హోదాని బట్టి ఒకరి తర్వాత ఒకరు. వెనక గుమస్తాలు. ఆ వెనక బెంచీ వేసి, దాని మీద అటెండర్లు. సువార్తమ్మ బెంచీ చివర నిలబడింది. తెల్లచీర కట్టుకుని, చేతిసంచీ కూడా పట్టుకునే ఉంది. ఫోటో అవ్వగానే మూడున్నర బస్సుకి పోవచ్చని ఆశ. పూలదండల్లో పెద్దది పరాంకుశరావు గారి మెళ్ళో పడింది. అవతలి గట్టు నుంచి తాతాజీ ఫోన్ చేశాడు.

"సార్, సువార్తమ్మ గారిని ముందుకి తెచ్చి మీ కుర్చీలో కూర్చోబెట్టండి. మీరందరూ వెనక్కి పోండి."

"అటెండరు కుర్చీలోనూ, నేను బెంచీ మీదా? ఉత్తర్వులో స్పష్టత గురించి ఉంది గాని కుర్చీ గురించి లేదయ్యా."

"అది కాదు సార్. కెమెరా చూపు మీ మీదే ఆగుతుంది. మీరే స్పష్టంగా పడతారు."

"ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నన్ను అస్పష్టంగా చూసిన మగాడు లేడు. నొక్కు!"

పరాంకుశరావు గారు ఫోన్ పెట్టేసి, మెడ సాచి, దండ సర్దుకున్నారు. తాతాజీ ప్రభుత్వోద్యోగి. నొక్కమంటే నొక్కాడు.

మూడున్నర బస్సు పోయింది. ఫోటో హెడ్డాఫీసుకి పోయింది. అందులో పరాంకుశరావు గారి చెవిలో వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మీసం రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. సువార్తమ్మ ఉన్నచోట తెల్లగా పొగ ఉంది. పదిరోజులకి జవాబొచ్చింది.

"ఛాయాచిత్రము పరిశీలించడమైనది. అందు స్పష్టముగా కనబడిన శ్రీ పరాంకుశరావు, డివిజన్ ఆఫీసరు, జూలై ముప్పది ఒకటి అపరాహ్ణము నుండి విముక్తి పొందినట్లు పరిగణించడమైనది. వారి సేవలు శాఖకు మరపురానివి. పొగవలె కనబడిన ఉద్యోగి యథాస్థానమున కొనసాగవలెను."

పరాంకుశరావు గారు మొదట నవ్వారు. రెండోసారి చదివి కూర్చున్నారు. ఆయనకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. మర్నాడే హెడ్డాఫీసుకి పరుగెత్తితే డైరెక్టరు గారు లేచి నిలబడి షేక్‌హ్యాండిచ్చారు.

"అద్భుతమండీ. ఇంత స్పష్టంగా పోయిన ఉద్యోగి శాఖ చరిత్రలోనే లేడు. శిక్షణ తరగతుల్లో మీ ఫోటోనే చూపిస్తున్నాం."

"నేను పోలేదు సార్! ఇదిగో, మీ ఎదురుగా ఉన్నాను!"

"రికార్డులో లేరు కదా."

ఆ తర్వాత ఆయన పాపం తిరగని చోటు లేదు. తను మసకమనిషినేనని రుజువు చేసుకోవడానికి ఊళ్ళో స్టూడియోకి పోయి, మసకగా పాస్‌పోర్టు ఫోటో తియ్యమన్నారు. "ఎంత మసక కావాలండి?" అంటే, "డివిజన్ స్థాయి మసక" అన్నారట. రోజూ పదిన్నరకల్లా ఆఫీసు గేటు దగ్గరికొచ్చి నిలబడేవారు. లోపలికి రానిచ్చే వీల్లేదు. సువార్తమ్మే టీ తీసుకెళ్ళి ఇచ్చేది.

"సువార్తమ్మా, పోవడం ఇంత కష్టమని నాకు తెలీదు."

"తమరు పోయారండి. కష్టం నాది," అంది గ్లాసు అందిస్తూ. పోనన్నవాణ్ణి పంపేసి, పోతానన్నదాన్ని పట్టుకూచున్న శాఖ వంక ఇద్దరూ కాసేపు చూశారు.

సూపరింటెండెంటు గంగరాజు గారు ఇన్‌ఛార్జి అయ్యారు. ఆయన మొదటిరోజు చదివిన కాగితం సవరణ ఉత్తర్వు. "నిశ్చల ఛాయాచిత్రము యాదృచ్ఛికమై యుండవచ్చునని అభ్యంతరములు వచ్చినందున, ఇకపై వీడ్కోలు సభను ఆద్యంతము వీడియో తీయవలెను. అందు ఒక్క క్షణమైనను స్పష్టముగా కనబడిన ప్రతి వ్యక్తియు విముక్తి పొందినట్లే. సభయందు ఇరువది అయిదుగురికి తక్కువ కాకుండా సిబ్బంది అస్పష్టముగా హాజరై యుండవలెను."

"తాతాజీ," అన్నారు గంగరాజు గారు నెమ్మదిగా, "వీడియోలో ఈ కెమెరా చూపు ఎవరి మీద ఆగుతుందయ్యా?"

"దానికదే వెతుక్కుంటదండి. మొహం కనబడితే చాలు, పట్టేసుకుంటది. ఒకటి వదిలి ఇంకోటి."

ఆ మధ్యాహ్నానికి ముప్పై సెలవు చీటీలు వచ్చాయి. గంగరాజు గారు అన్నిటినీ తిరస్కరించారు, తనదాంతో సహా.

అప్పటికి ఆగస్టు సగం దాటింది. ఇస్సాకు ఫోన్‌లో మాటలు తగ్గించాడు. "బయల్దేరావా?" అని కూడా అడగడం మానేశాడు. "మునగచెట్టు పూత పట్టింది," అనేవాడు. ఊరుకునేవాడు. సువార్తమ్మకి ఆ ఊరుకోవడమే భయం. సోమవారం బస్సు దగ్గర మనిషి మాట్లాడుతున్నంతసేపూ ఫర్లేదు. మాట ఆపేస్తేనే బస్సు కదలబోతోందని లెక్క.

ఈసారి ఆమె తాతాజీకే వదిలెయ్యలేదు. కెమెరా దగ్గరికి పోయి, అద్దంలో కన్ను పెట్టి, ఎక్కడ నిలబడ్డవాళ్ళు తేటగా ఉంటున్నారో, ఎక్కడి నుంచి కరుగుతున్నారో రెండు రోజులు చూసింది. కుర్చీకి ముందు ఒక బార, వెనక ఒక బార. అంతే, ఆ మేర లోపలున్నవాళ్ళే తేట. సభ ముందురోజు తనే సున్నంతో గీత గీసింది.

"దీని లోపలికి ఎవరూ రాకండి, మీకు భయం లేదు," అంది అందరితో.

ఎవరూ వచ్చేలా లేరు. కుర్చీ తుడవమంటే కూడా చీపురుకి గుడ్డ కట్టి దూరం నుంచి తుడిచారు.

ఆగస్టు ముప్పై ఒకటిన సువార్తమ్మ ఆ కుర్చీలో ఒంటరిగా కూర్చుంది. సిబ్బంది ముప్పైమందీ గీతకి రెండు బారల వెనక, ఎవరి ఫైలు వాళ్ళు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కదిలే మనిషి కెమెరాకి సరిగ్గా అందడని తాతాజీ ఎప్పుడో అన్నమాట ఎవరికో గుర్తొచ్చి, ఊగడం మొదలుపెట్టారు. ఒకరిని చూసి ఒకరు, అందరూ ఊగారు. అవతలి గట్టున కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

దండ ఎవరు వెయ్యాలన్నది ముందే తేలిపోయింది. ఎవరూ వెయ్యరు. తూము దగ్గర గుర్రపుడెక్క లాగే కొక్కెం గెడ ఒకటుంది, ఇరవై అడుగులది. దాని కొసన దండ తగిలించి, ఇద్దరు గుమస్తాలు ఒక చేత్తో గెడా, ఒక చేత్తో ఫైలూ పట్టుకుని, అంచనాగా ముందుకి చాచారు. మొదటిసారి దండ వేపకొమ్మకి పడింది. రెండోసారి సువార్తమ్మ కళ్ళజోడు ఎగిరిపోయింది. మూడోసారి ఆమే మెడ వంచి అందుకుంది.

గంగరాజు గారు ఫైలు వెనక నుంచి మైకులో, ఊగుతూ ఉపన్యసించారు. "సువార్తమ్మ గారి సేవల గురించి... ఎంత చెప్పినా... త్వరగా ముగిస్తున్నాను." తర్వాత, "రెండు ముక్కలు చెప్పమ్మా. తొందరగా," అన్నారు.

సువార్తమ్మ కుర్చీలోంచి వెనక్కి తిరగబోయి, తిరిగితే తన మొహం తప్పుతుందని ఆగిపోయింది. ముప్పై మూడేళ్ళు ఆ మొహాలకి టీ ఇచ్చింది. పోయే రోజున ఒక్కటీ కనబడలేదు. అవతలి గట్టున ఉన్న ఎర్రదీపంతోనే చెప్పింది.

"అందరికీ దండాలండి. నా తర్వాత వచ్చేవాళ్ళకి కాస్త చెప్పండి. గంగరాజు గారికి చక్కెర వద్దు, అడిగినా వెయ్యొద్దు, ఆయనకి సుగరుంది. కిటికీ పక్క బల్ల ఆయనకి మీగడ తీసెయ్యాలి. పరాంకుశరావు గారు గేటు దగ్గర ఉంటారు, ఆయన్ని మరిచిపోవద్దు. అంతేనండి."

వెనక ఊగుడు ఒక్క క్షణం ఆగింది. గంగరాజు గారి ఫైలు ముక్కు దాకా దిగింది. ఆయన కళ్ళు ఎర్రదీపాన్ని చూశాయి. ఫైలు మళ్ళీ పైకి లేచింది.

ఆరోరోజుకి హెడ్డాఫీసు జవాబొచ్చింది. ఒకే మాట: "స్పష్టము." సువార్తమ్మ చాప చుట్టింది, గిన్నెలో గ్లాసు పెట్టింది, మూడున్నర బస్సెక్కింది.

తోక దగ్గర బస్సు దిగేసరికి ఇస్సాకు నిలబడి ఉన్నాడు. సంచీ అందుకున్నాడు. ఇంట్లో మంచం ఎక్కడ వెయ్యమందో అక్కడే ఉంది. అన్నం తిన్నాక ఆమె ఫోన్ తీసి, తాతాజీ పంపిన వీడియో ఆఖరి ముక్క పెట్టి ఆయన చేతికిచ్చింది. తను ఎన్ని అగచాట్లు పడిందో చూసి ఆయన పడీపడీ నవ్వుతాడనుకుంది.

ఇస్సాకు ఫోన్‌ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. కుర్చీలో దండతో తేటగా తన భార్య. ఆమె వెనక పొగమంచులో ముప్పైమంది మనుషులు, చేతులు మొహాలకి అడ్డం పెట్టుకుని, నిలవలేనట్టు అటూ ఇటూ తూలుతున్నారు. ఆయన నవ్వలేదు. రెండోసారి పెట్టుకుని చూశాడు.

"నేను వచ్చేస్తుంటే ఒక్కడూ తలెత్తి చూళ్ళేదే. నీ కోసం ఆఫీసంతా మొహాలు దాచుకుని ఏడ్చిందే సువార్తా!"

సువార్తమ్మ ఆయన మొహం వంక చూసింది. చెబుదామని నోరు తెరిచింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ముప్పై మూడేళ్ళు తన పక్కన లేకపోయినా, అక్కడ భార్యకంటూ ఎవరో ఒకరు ఉన్నారన్న సంతోషం కాబోలు అది.

"ఏడ్చారయ్యా," అంది పక్కన కూర్చుంటూ. "పైగా ఊగి ఊగి ఏడ్చారు."